రాడార్ మీద పడవ గీత

నావికుల వసతి గృహం
12 ఫిబ్రవరి 2025

అక్కకి తేజేశ్వర్ నమస్కారాలు.

కవరు మీద నా చేతిరాత చూసి నువ్వు కంగారు పడతావని తెలుసు. టెన్త్ పరీక్షల తర్వాత నేను ఇంత పొడుగు రాయడం ఇదే. మా ఫోన్లు, లాప్‌టాప్‌లు ఈ పరాయి దేశపు పోలీసులు తీసుకున్నారు. వసతి గృహంలో వారానికోసారి ఫోన్ ఇస్తారు గానీ, అందులో కేసు మాట ఎత్తవద్దని మా వకీలు గట్టిగా చెప్పాడు. అందుకే ఇంటికి వెళ్తున్న ఒక మలయాళీ నావికుడికి ఈ కవరు ఇస్తున్నాను. కొచ్చిలో దిగి పోస్టు చేస్తాడు. నువ్వు జవాబు రాస్తే పైనున్న అడ్రసుకి కొరియర్ చెయ్యి.

మా ఓడ ఒక చేపల పడవని గుద్దింది. పడవలో ముగ్గురున్నారు. ముసలాయన ఒక్కడు దొరికాడు. ఆయన కొడుకూ అల్లుడూ దొరకలేదు. పొద్దుపోయేదాకా వెతికాం. వల తేలింది, ఒక ప్లాస్టిక్ డబ్బా తేలింది, అంతే.

అప్పుడు ఓడ నడుపుతున్నది భానుచందర్. నీకు తెలిసినవాడే, మీ షాపు చీరలకి ఫాల్స్ కుట్టే భవానీపురం సుందరి గారి అబ్బాయి. నా మాట మీదే ఈ ఓడ ఎక్కాడు. నేను చీఫ్ ఆఫీసర్ని, వాడు థర్డ్ ఆఫీసర్. తెల్లవారుజాము నుంచి పొద్దున్న ఎనిమిదింటి దాకా ఓడ నడిపే డ్యూటీ నాది, దాన్నే మేం వాచ్ అంటాం. ఎనిమిదింటికి వాడికి అప్పగించి కిందికి దిగాను. వాన కురుస్తోంది. అద్దాల్లోంచి ఏమీ కనిపించదు, అలాంటప్పుడు రాడారే కళ్ళు. రాడార్ తెర మీద ప్రతి పడవా ఒక చుక్క. చుక్క నుంచి ఒక గీత వస్తుంది. ఆ గీతని రెండు రకాలుగా పెట్టుకోవచ్చు. తెర మీద ఉన్నది ఒక రకమైతే, వాడు రెండో రకం అనుకుని చూశాడు. పడవ తప్పుకుని పోతుందనుకున్నాడు.

చెప్పాల్సినవన్నీ చెప్పే అప్పగించాను. పోలీసులకీ అదే చెప్పాను. వాణ్ణి జైల్లో పెట్టారు, నన్ను సాక్షిగా ఇక్కడ ఉంచారు. ఇక్కడి తిండి పర్వాలేదు. వంటాయన నాకోసం పప్పు చేస్తానని బయల్దేరి అందులో పంచదార వేశాడు. తినేశాను. ఆకలి ఎలాగూ లేదు.

సుందరి గారికి భాను ఆరోగ్యంగా ఉన్నాడని చెప్పు. ఇంకేమీ చెప్పొద్దు.

నీ తమ్ముడు
తేజ


పటమట
1 మార్చి 2025

తమ్ముడికి నాగవేణి దీవెనలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని చిన్నప్పుడు నేర్పారు. ఏ వైపు కుశలం ఉందని రాయను? నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి షాపులో నేను చూపించే చీర ఒకటి, చెప్పే రేటు ఇంకొకటి. మొన్న ఒకావిడ అయితే, "ఏంటండీ, ఒంట్లో బాలేదా?" అని తనే నాకు మంచినీళ్ళు ఇచ్చింది.

ఆ రాడార్ గోల నా బుర్రకెక్కలేదు. మీ బావగారికి చదివి వినిపించాను. ఆయన మంగళగిరి వెళ్ళే హడావుడిలో ఉండి, "ఏముంది, కుర్రాడు మిషను సరిగ్గా చూసుకోలేదు, మీవాడు చెప్పినా వినిపించుకోలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. అంతే కదా? గీతలు రెండు రకాలని నీకు తెలిసినప్పుడు వాడికెందుకు తెలియదు? నువ్వేమైనా వాణ్ణి వెనకేసుకొస్తున్నావా? నీకు చిన్నప్పట్నుంచీ అదే జబ్బు.

సుందరి గారు శుక్రవారం చీరలిచ్చిపోవడానికి వచ్చారు. నువ్వు చెప్పొద్దన్నావు, నిజమే. కానీ ఆవిడ గుమ్మంలోనే, "మావాడు ఏ తప్పూ చెయ్యలేదంట నాగవేణి గారూ, వాడికెవరూ ఏమీ చెప్పలేదంట" అనేసరికి నాకు ఒళ్ళు మండింది. "అదేంటండీ, మా తమ్ముడు అన్నీ చెప్పే అప్పగించాడు. మీవాడు వినిపించుకోలేదు. రెండు ప్రాణాలు తీసి, ఇప్పుడు మావాణ్ణి కూడా అక్కడ కూర్చోబెట్టాడు" అన్నాను. ఆవిడ కట్ట విప్పి చీరలు ఒక్కొక్కటీ చూపించింది. వెళ్తూ వెళ్తూ, "వాణ్ణి అడుగుతానండీ, వారానికోసారి ఫోన్ చేయిస్తారు" అంది.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. కొంచెం ఎక్కువే అన్నాను. అయినా ఉన్నమాటే కదా అన్నాను.

బందరు సంబంధం వాళ్ళు కబురు మానేశారు. టీవీలో ఓడ పేరు విన్నట్టున్నారు. పోతే పోయారు, ఆ పిల్ల మరీ సన్నం.

నీ అక్క
నాగవేణి


నావికుల వసతి గృహం
20 మార్చి 2025

అక్కా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు మంచం దిగలేదు. సుందరి గారితో ఆ మాట ఎందుకన్నావు? చెప్పొద్దని రాశాను కదా. తప్పు నీది కాదులే. నేను రాసిన దాన్ని ఎవరు చదివినా అలాగే అర్థం చేసుకుంటారు. అలా అర్థం కావాలనే రాశానేమో.

రాడార్ సంగతి ఇప్పుడు సరిగ్గా చెప్తాను. ఓపిక పట్టి చదువు. మనం భవానీ ద్వీపానికి పోయే పడవలో కూర్చున్నామనుకో. పక్క నుంచి ఇంకో పడవ వస్తోంది. మనకి మన పడవ కదులుతున్నట్టుండదు, అదే మన వైపు వస్తున్నట్టుంటుంది. అది ఎప్పుడు చూసినా ఒకే దిక్కున ఉండి పెద్దదవుతూ వస్తుంటే గుద్దుకోవడం ఖాయం. దీన్ని రిలేటివ్ అంటాం. గీతని ఇలా పెట్టినప్పుడు, ఎదుటి పడవ గీత తెర మధ్యలో ఉన్న మన ఓడ మీదికి వస్తే ప్రమాదం, పక్కకి పోతే భయం లేదు. అదే ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి చూసేవాడికి రెండు పడవలూ కదులుతూ కనిపిస్తాయి. ఏది ఎటు పోతోందో తెలుస్తుంది. దీన్ని ట్రూ అంటాం. ఇందులో ఎదుటి పడవ గీత మన మీదికి రాదు. మన ముందున్న ఖాళీ నీళ్ళలోకి పోతుంది. కానీ మనం కూడా ఆ నీళ్ళలోకే పోతుంటాం. రిలేటివ్ అనుకుని ఆ గీతని చూసినవాడికి, పడవ దర్జాగా ముందు నుంచి దాటిపోతున్నట్టుంటుంది.

భాను చూసింది అదే. రెండు రకాలూ మాకు కావాలి. ఏది చూస్తున్నామో తెలిసి ఉండాలి, అంతే. తెర మూలన చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, కానీ ఎవరూ ప్రతిసారీ చదవరు. మా కెప్టెన్ రూలు ఏమిటంటే, వాచ్ అప్పగించేటప్పుడు గీతలు రిలేటివ్‌లోనే ఉండాలి. ఆ ఉదయం చేపల పడవలు గుంపుగా ఉన్నాయి. వాటిలో ఏది నిలబడి వల లాగుతోందో, ఏది నడుస్తోందో చూద్దామని నేను ట్రూలో పెట్టాను. డెక్ మీద పని మొదలెట్టడానికి మనుషులు నాకోసం చూస్తున్నారు. భాను రాగానే దారి చెప్పాను, వేగం చెప్పాను, పడవలున్నాయి జాగ్రత్త అన్నాను. గీతలు తిరిగి మార్చలేదు. మార్చలేదని చెప్పనూ లేదు.

చెప్పలేదక్కా.

వాడు ఎందుకు సరిచూసుకోలేదని అడుగుతావు. అంతకు ముందు ఒకసారి వాడు నా రాడార్ సెట్టింగులు మారిస్తే అందరి ముందూ తిట్టాను. "నేను పెట్టింది పెట్టినట్టుండాలి" అన్నాను. "సారీ సార్" అన్నాడు. డ్యూటీలో సార్ అంటాడు, కిందికొస్తే అన్నా అంటాడు. అప్పట్నుంచి నేను వదిలి వెళ్ళిన తెరని వాడు ముట్టుకోడు. సార్ పెట్టారు కాబట్టి సరిగ్గానే ఉంటుందని వాడి నమ్మకం.

ఓడలో మాటల్ని రికార్డు చేసే పెట్టె ఉంటుంది. అందులో వాన హోరు, వైపర్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదట. తెర బొమ్మలు మాత్రం దొరికాయి, అవి ట్రూలో ఉన్నాయి. కాబట్టి కేసంతా ఒక్క మాట మీద నిలబడింది. ట్రూలో ఉందని నేను వాడికి చెప్పి ఉంటే తప్పంతా వాడిది. చెప్పకపోతే తప్పులో పెద్ద వాటా నాది, వాడి శిక్ష బాగా తగ్గుతుంది. పోలీసులు అడిగినప్పుడు నా నోట్లోంచి "చెప్పాను" అని వచ్చేసింది. రోజూ అప్పగించేటప్పుడు అన్నీ చెప్పానని సంతకం పెట్టే అలవాటు. ఆ అలవాటులోనే సంతకం పెట్టేశాను. ఇలా అంటున్నాను గానీ, అలవాటు కాదు, భయం.

నేను వాంగ్మూలం మార్చుకుంటాను. నువ్వు భవానీపురం వెళ్ళి సుందరి గారికి చెప్పు, మీవాడన్నదే నిజమని. ఈ ఒక్కటీ చెయ్యి.

తేజ


పటమట
6 ఏప్రిల్ 2025

ఒరేయ్ తేజా,

భవానీపురం వెళ్ళలేదు. వెళ్ళను. నీ ఉత్తరం మీ బావగారికి కూడా చూపించలేదు. బీరువాలో దాచి, తాళం చేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

అమ్మ పోయాక నీకు జడ కూడా వేసేదాన్ని తెలుసా? తిరుపతి మొక్కు తీరేదాకా నీకు జుట్టు ఉండేది. నిన్ను నేను కనలేదు గానీ, మిగిలినవన్నీ నేనే చేశాను. కాబట్టి నాకు అడిగే హక్కుంది. నోరు విప్పకు. నువ్వు నిజం చెప్తే వాడు బయటికొస్తాడా? రాడు, శిక్ష తగ్గుతుందని నువ్వే రాశావు. నువ్వు మాత్రం లోపలికి పోతావు. ఒకడుండే చోట ఇద్దరుంటారు. చచ్చిపోయినవాళ్ళు లేచి వస్తారా?

ఇంకో సంగతి విను. నిన్న సుందరి గారు వచ్చారు. మనిషి సగమైపోయింది. నేను కుర్చీ వేస్తే కూర్చోకుండా గోడకి ఆనుకుని, "మిమ్మల్ని క్షమించమని అడగడానికొచ్చానండీ" అంది. దేనికండీ అన్నాను. "మావాడు వారం వారం కాదనే అన్నాడండీ. నాకేం చెప్పలేదమ్మా, ఒట్టు అన్నాడు. నేనే కోప్పడ్డాను. నిన్ను ఓడ ఎక్కించినాయన, ఆయన అబద్ధమాడతాడా, వాళ్ళక్క నాకు మొహం మీదే చెప్పింది, బాగా గుర్తు తెచ్చుకో అన్నాను. ఈసారి ఒప్పుకున్నాడండీ. అన్న చెప్పే ఉంటాడమ్మా, నేనే పరాగ్గా ఉండుంటాను అన్నాడు" అంది.

నాకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా అనిపించింది, నీ దగ్గర దాచను.

వాడే ఒప్పుకున్నాడు. ఇంక నువ్వెందుకు నోరు విప్పడం? దేవుడే దారి చూపించాడనుకో. నీ కాళ్ళు పట్టుకుంటాను. అక్క తమ్ముడి కాళ్ళు పట్టుకోకూడదంటారు, అయినా పట్టుకుంటాను.

అక్క


నావికుల వసతి గృహం
28 ఏప్రిల్ 2025

అక్కా,

నీ ఉత్తరం కోర్టు నుంచి తిరిగొచ్చాక అందింది. ముందే అందితే ఏం చేసేవాణ్ణో తెలియదు. ఆ పరీక్ష తప్పింది, అదొక్కటే సంతోషం.

కోర్టులో చెప్పేశాను. నేను గీతలు మార్చాను, తిరిగి పెట్టలేదు, వాడికి చెప్పలేదు అన్నాను. మన హిందీ వచ్చిన ఒకామె నా మాటల్ని వాళ్ళ భాషలోకి మారుస్తోంది. మరి మొదట చెప్పానని ఎందుకన్నావని జడ్జి అడిగాడు. భయపడ్డానన్నాను. ఆయన రాసుకున్నాడు. నాకు ఒక్కసారి ఊపిరి ఆడింది. జైలుకైనా సరే పోతాననిపించింది.

తర్వాత భానుని నిలబెట్టారు. బాగా చిక్కిపోయాడు, చొక్కా వాడిది కాదు. జడ్జి వాణ్ణి అడిగాడు. వాడు నా వైపు చూడకుండా చెప్పాడు. "సార్ నాకు చెప్పారు. భానూ, గీతలు ట్రూలో ఉన్నాయి, చూసుకో అన్నారు. నేను కాఫీ కప్పు పట్టుకుని ఉన్నాను. సరే సార్ అన్నాను. నాకు బాగా గుర్తుంది. నన్ను కాపాడ్డానికి సార్ ఇప్పుడు ఇలా చెప్తున్నారు."

కప్పు నిజమే, వాడి చేతిలో కప్పుంది. ఆ మాట నేను అనలేదు. కానీ వాడు అబద్ధం ఆడలేదక్కా, మొహం చూస్తే తెలుస్తుంది. వాడికి నిజంగానే గుర్తుంది. వాళ్ళమ్మ వారం వారం అడిగి అడిగి, వాడు రాత్రీ పగలూ వెతుక్కుని వెతుక్కుని, లేని మాటని తయారు చేసుకున్నాడు. నా గొంతుతో సహా తయారు చేసుకున్నాడు.

నేను లేచి అరిచాను. "వాడికి తెలియదు, నేను చెప్పలేదు" అన్నాను. కూర్చోమన్నారు. ఎంత అరిస్తే అంత నమ్మరని అప్పుడు అర్థమైంది. జడ్జి నన్ను జాలిగా చూశాడు. మా వకీలు బయటికొచ్చాక భుజం తట్టి, "నువ్వు చాలా మంచివాడివి, కానీ ఇలాంటి పిచ్చి పనులు ఇంకెప్పుడూ చెయ్యకు" అన్నాడు. నా రెండో వాంగ్మూలాన్ని పక్కన పెట్టేశారు. మొదటిదే నిజమట, ఎందుకంటే అది వెంటనే ఇచ్చింది.

ఆ ముసలాయన ముందు వరసలో కూర్చున్నాడు. ఎవరు చెప్పారు, ఎవరు వినలేదు అని మేం వాదించుకుంటుంటే, ఆయన కిటికీలోంచి బయట చెట్టు కొట్టేస్తున్న మనుషుల్ని చూస్తున్నాడు. నా కొడుకు ఏ గీత కింద చచ్చిపోతే నాకేం అన్నట్టున్నాడు.

ఇప్పుడు నేను కాక నిజం తెలిసినది నీకొక్కదానికే. నువ్వు చెప్తే సుందరి గారు నమ్ముతారు, ఆవిడ చెప్తే భాను నమ్ముతాడు. తీర్పుకి ఇంకా టైముంది. వెళ్ళక్కా.

తేజ


పటమట
17 మే 2025

తేజాకి,

ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించేశాను.

నీ ఉత్తరం చదివి ఆటో ఎక్కాను. దారిపొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూనే వెళ్ళాను. "సుందరి గారూ, మా తమ్ముడు చెప్పలేదండీ, నేను తెలియక అన్నాను" అని. పైకి కూడా అనుకున్నాను, ఆటో అతను వెనక్కి తిరిగి చూశాడు. కుమ్మరిపాలెం సెంటర్ దగ్గర జామ్ అయితే, దిగి వెనక్కి పోదామనిపించింది. పోలేదు. అంతవరకూ మంచిదాన్నే.

ఆవిడ కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచొచ్చి, వద్దు వద్దంటున్నా నా కాళ్ళ మీద పడింది. "మీరే వచ్చారా! నేనే వద్దామనుకుంటున్నానండీ. మావాడు ఫోన్లో ఏడుస్తూ చెప్పాడు. అన్న నాకోసం కోర్టులో తప్పు తన మీద వేసుకున్నాడమ్మా, నేను ఒప్పుకోలేదమ్మా అన్నాడు. తోడబుట్టినోళ్ళైనా చేస్తారాండీ ఇలాగ? నేను మీ తమ్ముణ్ణి ఎన్నెన్ని తిట్టుకున్నానో, నా నోరు పడిపోను" అంది. నాకు బొట్టు పెట్టింది. పళ్ళెంలో జాకెట్టు ముక్క, అరటిపళ్ళు పెట్టి చేతికిచ్చింది. అది మా షాపు ముక్కే, నేనే ఎప్పుడో ఆవిడకిచ్చింది.

నేను నోరు తెరిచాను తేజా. నిజంగా తెరిచాను. "కాసిని మంచినీళ్ళిస్తారా?" అన్నాను.

తాగేసి వచ్చేశాను.

నన్ను తిట్టు. నిన్ను జైల్లో ఊహించుకోలేక చెప్పలేదని ఒకసారి అనుకుంటాను. ఆవిడ మొహం చూసి చెప్పలేకపోయానని ఒకసారి అనుకుంటాను. ఏది నిజమో నాకే తెలియడం లేదు. ఇక్కడ పటమటంతా నువ్వు మహాత్ముడివైపోయావు. మీ బావగారు షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తున్నాడు, నేను లోపలికెళ్ళిపోతున్నాను. బందరు వాళ్ళు మళ్ళీ కబురు పెట్టారు. అలాంటి కుర్రాడు దొరకడన్నారట.

నువ్వు వచ్చేరోజు తనూ గన్నవరం విమానాశ్రయానికి వస్తానని సుందరి గారు పట్టుబట్టారు. దండ తెస్తుందట.

అక్క


నావికుల వసతి గృహం
11 జూన్ 2025

అక్కా,

తీర్పు వచ్చింది. భానుకి ఏడేళ్ళు. నాకు టికెట్.

నిన్ను తిట్టను. నువ్వు చెప్పలేవని నీ ఉత్తరం విప్పకముందే తెలుసు. నేనే మొదటిరోజు చెప్పలేకపోయాను, నువ్వెలా చెప్తావు? ఆ రోజు పోలీసు నన్ను కొట్టలేదు, కసరలేదు. టీ ఇచ్చి అడిగాడు. ఒక్కమాట చాలేది.

నిన్న భానుని చూడనిచ్చారు. మధ్యలో అద్దం, మాట్లాడ్డానికి ఫోను. "అన్నా, అమ్మని కాస్త చూస్తుండు. మిషను మీద ఎక్కువసేపు కూర్చోనివ్వకు, నడుం నొప్పి" అన్నాడు. "భానూ, నేను నీకు చెప్పలేదురా. నా కళ్ళలోకి చూడు. చెప్పలేదు" అన్నాను. వాడు చాలాసేపు చూశాడు. ఒక్క క్షణం వాడికి అనుమానం వచ్చినట్టే అనిపించింది, నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో నవ్వాడు. "ఇంక వదిలేయ్ అన్నా. నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు. ఏడేళ్ళెంత, ఇట్టే అయిపోతాయి" అన్నాడు. లోపలున్నవాడు వాడు, ఓదార్పు నాకు.

అప్పీలు వెయ్యమని వకీల్ని బతిమాలాను. ముద్దాయే కాదంటున్నప్పుడు నీ మాట ఎవరు వింటారన్నాడు. ఓడ కంపెనీ వాళ్ళు వేరే ఓడ మీద రమ్మని కబురు పెట్టారు. వెళ్ళను. ఇంక ఏ రాడార్ ముందూ నిలబడలేను. బందరు వాళ్ళకి వద్దని చెప్పు. కారణం అడిగితే నీకు తోచింది చెప్పు, మనకి అలవాటేగా.

సుందరి గారికి నేను చెప్తాను. దిగగానే చెప్తాను, అందరి ముందూ చెప్తాను. నమ్మదని తెలుసు. నేను చెప్పే ప్రతి మాటా ఆవిడకి నా మంచితనంలాగే వినిపిస్తుంది. గన్నవరం రావద్దని ఆవిడకి నువ్వు చెప్పగలవేమో చూడు. చెప్పలేవు. వస్తుంది. ఆవిడ పొట్టి మనిషి కదా అక్కా, దండ వెయ్యాలంటే చెయ్యి అందదు. నేనే తల వంచాలి.

తేజ